రాకెట్లు పడుతున్న ఊళ్లో కార్డు ఎలా పనిచేసింది? ఉక్రెయిన్ ముప్పై ఏళ్ల లెక్క

2022 ఫిబ్రవరి చివరి వారం. మా పెద్దనాన్న మనవడు అప్పుడు ఖార్కివ్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. యుద్ధం మొదలైన మూడో రోజు సాయంత్రానికి గానీ వాడి ఫోన్ కలవలేదు. మెట్రో స్టేషన్‌లో, ప్లాట్‌ఫాం మీద దుప్పట్లు పరుచుకుని పడుకుంటున్నాం అన్నాడు. ఇటు ఇంటిల్లిపాదీ ఫోన్ చుట్టూ మూగి ఒకటే టెన్షన్. తిన్నావా, నీళ్లున్నాయా, చేతిలో డబ్బులున్నాయా అని తలా ఒక ప్రశ్న. "క్యాష్ పెద్దగా లేదు బాబాయ్. కానీ కార్డు పనిచేస్తోంది. పొద్దున పైకెళ్లి బ్రెడ్డు, నీళ్లు దాంతోనే కొన్నాం" అన్నాడు.

వాడు క్షేమంగా ఉన్నాడన్న ఊరటలో ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. నాకు మాత్రం అది మనసులో ఉండిపోయింది. ఊరి మీద రాకెట్లు పడుతున్నాయి. అయినా బ్యాంకు సర్వర్లు నడుస్తున్నాయి. తన ఖాతాలో డబ్బు పడుతుందన్న నమ్మకంతో కొట్టువాడు సరుకు ఇస్తున్నాడు. 2016 నవంబర్‌లో, ఏ బాంబూ పడకుండానే, మన ఏటీఎంల ముందు ఎంతెంత క్యూలు కట్టామో మనకు తెలుసు. పైగా ఇదే ఉక్రెయిన్‌లో 1993లో డబ్బు చిత్తుకాగితమైంది, 2014-15లో బ్యాంకులు వరసపెట్టి మూతపడ్డాయి. అలాంటి దేశం ఇంత పెద్ద యుద్ధం మీద పడ్డ రోజున ఎలా తట్టుకుంది?

జవాబు వెతుక్కుంటూ పోతే 1991 దాకా వెళ్లాల్సి వచ్చింది. నాకు అర్థమైనంతలో, యుద్ధం రోజున తీసుకున్న నిర్ణయాల వల్ల ఆ కార్డు పనిచేయడం కొంతవరకే నిజం. అసలు పని అంతకు ముందు ఎనిమిదేళ్లలో జరిగింది. జనం తిట్టుకుంటుండగా, పేపర్లలో మొదటి పేజీకి ఎక్కకుండా జరిగిన మరమ్మతు అది.

బావి ఒకరికి, మోటారు ఒకరికి

సోవియట్ యూనియన్‌ను 15 దేశాల కూటమిగా ఊహించుకుంటే దాని ఆర్థిక వ్యవస్థ అర్థం కాదు. అది మాస్కోలో కూర్చుని నడిపిన ఒకే ఒక్క పెద్ద ఫ్యాక్టరీ. ఎక్కడ ఏది తయారవ్వాలి, ఎవరికి ఎంత పంపాలి, ఏ రేటుకి పంపాలి అన్నీ అక్కడే తేలేవి. గ్యాస్ గొట్టాలు, కరెంటు తీగలు, రైలు పట్టాలు కూడా ఆ లెక్కన వేసినవే. రిపబ్లిక్‌ల మధ్య సరిహద్దులు మ్యాపు మీద ఉన్నాయే తప్ప, సరుకు దారిలో వాటికి లెక్కలేదు. 1991 చివర్లో ఆ ఫ్యాక్టరీ ఒక్కసారిగా 15 ముక్కలైంది. ఉమ్మడి కుటుంబంలో పంపకాలు జరిగితే బావి ఉన్న చెక్క పెద్దవాడికి, మోటారు చిన్నవాడికి వచ్చినట్టయింది.

ఇది మాటవరసకి అనడం లేదు. నిజంగా మోటారు గొడవే ఒకటుంది. రష్యా యుద్ధనౌకలు చాలావాటికి గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మైకొలాయివ్ నగరంలో, జోర్యా-మాష్‌ప్రోయెక్ట్ కర్మాగారంలో తయారయ్యేవి. నౌక రష్యాది, ఇంజిన్ ఉక్రెయిన్‌ది. 2014లో రష్యా ఉక్రెయిన్‌కు చెందిన క్రిమియా ద్వీపకల్పాన్ని ఆక్రమించాక ఉక్రెయిన్ ఆ టర్బైన్లు ఇవ్వడం ఆపేసింది. కాలినిన్‌గ్రాడ్ షిప్‌యార్డులో కట్టిన ఫ్రిగేట్లు ఇంజిన్లు లేకుండా ఏళ్ల తరబడి పడి ఉన్నాయి. వాటిలో రెండింటిని కొనడానికి 2018లో మన దేశం ఒప్పందం చేసుకుంది. ఇంజిన్లను మనమే ఉక్రెయిన్ దగ్గర కొని రష్యాకు పంపాం. 2024 డిసెంబర్‌లో మన నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ తుశిల్, 2025 జులైలో చేరిన ఐఎన్‌ఎస్ తమాల్ అలా పూర్తయినవే. ఒకరి మీద ఒకరు క్షిపణులు వేసుకుంటున్న రెండు దేశాల పనితనం ఆ రెండు ఓడల్లో ఒకదానికొకటి బిగించి ఉంది. విశాఖపట్నం పేరు పెట్టుకున్న మన డిస్ట్రాయర్ నడిచేది కూడా మైకొలాయివ్ టర్బైన్లతోనే.

కమ్యూనిజం పోయాక ఆ దేశాలకు ఎదురైన కష్టాన్ని చాలామంది 'మార్కెట్‌కు మారడం' అనే ఒక్క మాటతో తేల్చేస్తారు. ధరల మీద ప్రభుత్వ పట్టు వదిలేయడం, ఫ్యాక్టరీలు అమ్మడం అందులో ఒక భాగం. తెగిపోయిన గొట్టాన్ని, తీగను, ఖాతాను మళ్లీ ఎటువైపు కలపాలి అన్నది రెండో భాగం. నా లెక్కలో ఈ రెండోదే కష్టమైనది, ఎక్కువ కాలం పట్టేది.

కూపన్ల కాలం

ఉక్రెయిన్ మొదటి పదేళ్లు ఎంత ఘోరంగా గడిచాయో ఒక అంకెతో చెప్పొచ్చు. 1993లో ద్రవ్యోల్బణం 10,000 శాతం దాటింది. అంటే జనవరిలో 100 ఉన్న సరుకు డిసెంబర్‌కి 10,000 పైమాటే. పన్నులు వసూలు కావడం లేదు, ఫ్యాక్టరీలకు ఆర్డర్లు లేవు. వాటిని మూయడానికి ప్రభుత్వానికి ధైర్యమూ లేదు. దాంతో నోట్లు అచ్చువేసి జీతాలిచ్చారు. అప్పటి తాత్కాలిక కరెన్సీ పేరు కార్బోవనెట్స్. జనం దాన్ని 'కూపన్లు' అనేవారు, పేరు కూడా పెట్టబుద్ధి కానట్టు. సోవియట్ సేవింగ్స్ బ్యాంకులో కూతురి పెళ్లికనో, కారు కొందామనో జీవితమంతా దాచుకున్న సొమ్ముకు ఏడాది తిరిగేసరికి విలువ లేకుండా పోయింది. బ్యాంకు అంటే భయం అక్కడి తరాల్లో నాటుకున్నది అప్పుడే. చాలాచోట్ల జీతాలు నెలల తరబడి అందేవి కావు. అందినా, ఏ ఫ్యాక్టరీలో పనిచేస్తే ఆ సరుకే జీతం. దాన్ని సంతలో పెట్టి అమ్ముకుంటే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

1996 సెప్టెంబర్‌లో 1,00,000 కార్బోవనెట్స్‌కు ఒక హ్రివ్నియా లెక్కన కొత్త కరెన్సీ తెచ్చాక ధరలు కాస్త అదుపులోకి వచ్చాయి. అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. 1999 నాటికి దేశ ఉత్పత్తి 1990తో పోలిస్తే సుమారు 40 శాతానికి పడిపోయింది. ఆస్తి పంపకాలలో నష్టపోయినవాడు తలెత్తుకోవడానికి ఒక తరం పడుతుందంటారు. ఇక్కడ అదే జరిగింది. పక్కనే ఉన్న పోలాండ్ 1990 జనవరి 1న ధరలను చాలావరకు ఒక్కసారిగా వదిలేసి, రెండేళ్లు విలవిల్లాడి, 1996 కల్లా పాత స్థాయికి చేరుకుంది. 1990లో తలసరి ఆదాయంలో రెండు దేశాలూ దాదాపు సమానం. 2021కి పోలాండ్ మూడు రెట్లకు మించి ముందుంది. పోలాండ్‌కు యూరోపియన్ యూనియన్‌లో చేరతామన్న గట్టి ఆశ ఉంది. దారి ఎటో తెలిసినవాళ్లు నొప్పి భరిస్తారు. ఉక్రెయిన్‌కు అప్పట్లో ఆ దారి ఎవరూ చూపలేదు, తనూ తేల్చుకోలేదు.

తేల్చుకోని ఆ కాలంలో బాగుపడినవాళ్లూ ఉన్నారు. క్రివీరిహ్‌లోని ఉక్కు కర్మాగారం క్రివోరిజ్‌స్టాల్ కథ చూస్తే చాలు. దేశంలోకెల్లా పెద్ద ఉక్కు ఫ్యాక్టరీ అది. 2004లో ప్రభుత్వం దాన్ని సుమారు 80 కోట్ల డాలర్లకు అమ్మింది. కొన్న కూటమిలో ఒకరు అప్పటి అధ్యక్షుడు కుచ్మా అల్లుడు విక్టర్ పించుక్, ఇంకొకరు రినాత్ అఖ్మేతోవ్. ఇంతకన్నా ఎక్కువ ఇస్తామన్న విదేశీ కంపెనీలను షరతుల పేరుతో పక్కకు నెట్టేశారు. ఆ ఏడాది చివర్లో, ఎన్నికల్లో మోసం జరిగిందంటూ జనం వీధుల్లోకి వచ్చిన ఆరెంజ్ విప్లవం వచ్చింది. కొత్త ప్రభుత్వం అమ్మకాన్ని రద్దు చేసి, 2005 అక్టోబర్‌లో టీవీలో ప్రత్యక్ష ప్రసారం పెట్టి మళ్లీ వేలం వేసింది. లక్ష్మీ మిట్టల్ కంపెనీ 480 కోట్ల డాలర్లకు పాడుకుంది. అదే ఫ్యాక్టరీ, అవే కొలుములు, ఏడాదిన్నర తేడా, ఆరు రెట్ల ధర. మధ్యలోని 400 కోట్ల డాలర్లు జనం సొమ్ము. అది దాదాపుగా ఇద్దరి జేబుల్లోకి వెళ్లిపోయి ఉండేది. టీవీలో వేలం జరగని ఫ్యాక్టరీలు ఇంకెన్నో.

మన తెలుగు ఊళ్లతో ఈ దేశానికి ముడిపడింది కూడా ఈ చితికిపోయిన కాలంలోనే. బడ్జెట్ డబ్బు ఎండిపోయిన మెడికల్ కాలేజీలకు డాలర్లలో ఫీజు కట్టే విదేశీ విద్యార్థి దొరకడం వరమైంది. భవనాలున్నాయి, మంచి ప్రొఫెసర్లున్నారు, జీతాలివ్వడానికే డబ్బుల్లేవు. ఇటు మన దగ్గర ఇంట్లో ఎకరమో, బంగారమో ఉండి, మెడికల్ సీటు రాని పిల్లలు. విజయవాడ, హైదరాబాద్ కన్సల్టెన్సీల బోర్డుల మీద ఉక్రెయిన్, జార్జియా, కిర్గిజ్‌స్తాన్ పేర్లు అలా వెలిశాయి. యుద్ధం నాటికి ఒక్క ఉక్రెయిన్‌లోనే దాదాపు 18,000 మంది భారతీయ విద్యార్థులున్నారు. మా వాడు వాళ్లలో ఒకడు.

చవక గ్యాస్ ఖరీదు

సోవియట్ వారసత్వంలో అందరికీ ఇష్టమైనది చవక గ్యాస్. రష్యా తక్కువ రేటుకి ఇచ్చేది, ఉక్రెయిన్ ప్రభుత్వం ఇళ్లకు ఇంకా తక్కువకి ఇచ్చేది. తేడా ప్రభుత్వ కంపెనీ నాఫ్టోగాజ్ నెత్తిన పడేది. ఇళ్ల పేరు చెప్పి చవకగా తీసుకున్న గ్యాస్‌ను ఫ్యాక్టరీలకు మార్కెట్ రేటుకి అమ్ముకునే దళారులు మధ్యలో పుట్టుకొచ్చారు. మన దగ్గర రేషన్ బియ్యం పక్కదారి పట్టినట్టే, కాకపోతే లెక్క బిలియన్ డాలర్లలో. 2014 నాటికి నాఫ్టోగాజ్ నష్టం దేశ జీడీపీలో 5 శాతం దాటింది. ఆ సమయంలో రష్యాతో ఏ మాట తేడా వచ్చినా వాల్వు తిప్పేస్తారన్న భయం. 2006 జనవరిలో ఒకసారి, 2009 జనవరిలో దాదాపు రెండు వారాలు నిజంగానే తిప్పేశారు. ఉక్రెయిన్ మీదుగా వెళ్లే గ్యాస్ ఆగి యూరప్‌లోని కొన్ని దేశాలు కూడా చలిలో వణికాయి.

2014 తర్వాత రెండు పనులు చేశారు. స్లొవేకియా, హంగరీ, పోలాండ్‌ల వైపు నుంచి గ్యాస్ వెనక్కి వచ్చేలా గొట్టాలు సర్దుకున్నారు. 2015 నవంబర్ నుంచి రష్యా దగ్గర నేరుగా కొనడం మానేశారు. రెండోది, ఇళ్ల గ్యాస్ రేటును కొన్నేళ్లలోనే ఎన్నో రెట్లు పెంచి, పేదలకు బిల్లులో సాయం విడిగా ఇచ్చారు. జనం మండిపడ్డారు. మండిపడటంలో తప్పులేదు, జీతాలు అంతంతమాత్రం. కానీ నాఫ్టోగాజ్ నష్టం పూడింది, దళారుల వ్యాపారం చాలావరకు మూతపడింది.

బ్యాంకుల ఊడ్పు

కార్డు సంగతికి వస్తే, ఆ కథ అసలు 2014లో మొదలైంది. అప్పుడు ఉక్రెయిన్‌లో 180 దాకా బ్యాంకులున్నాయి. చాలావాటిని బ్యాంకు అనడం కూడా తప్పే. ఒక వ్యాపారి బ్యాంకు పెడతాడు, మంచి వడ్డీ ఆశ చూపి జనం డిపాజిట్లు రాబడతాడు, ఆ సొమ్మును తన కంపెనీలకే, బినామీ పేర్లతో, అప్పుగా ఇచ్చుకుంటాడు. తిరిగి కట్టాలన్న ఉద్దేశమే ఉండదు. చిట్టీ పాడుకుని ఊరు వదిలి పారిపోయినవాడి సంగతి మనకు కొత్త కాదు. ఇక్కడ పారిపోవాల్సిన అవసరం కూడా లేదు, బ్యాంకు వాడిదే.

క్రిమియా పోయి, తూర్పున యుద్ధం మొదలై, డాలర్‌కు 8 ఉన్న హ్రివ్నియా 2015 ఫిబ్రవరిలో కొన్ని రోజులు 30 దాటిపోయేసరికి ఈ గుట్టంతా బయటపడింది. విదేశీ మారక నిల్వలు 5.6 బిలియన్ డాలర్లకు జారిపోయాయి. ఆ పరిస్థితిలో కేంద్ర బ్యాంకు గవర్నర్‌గా ఉన్న వలేరియా హోంతారెవా బ్యాంకు తర్వాత బ్యాంకును తనిఖీ చేయించారు. అసలు యజమాని ఎవరో చెప్పమన్నారు, సొంత కంపెనీలకిచ్చిన అప్పులు తేల్చమన్నారు, పెట్టుబడి తెమ్మన్నారు. చేతకానివాటిని మూసేశారు. మూడు నాలుగేళ్లలో సుమారు 100 బ్యాంకులు మాయమయ్యాయి. డిపాజిట్ బీమా పరిమితికి మించి దాచుకున్నవాళ్లు మిగతా సొమ్ము పోగొట్టుకున్నారు. కేంద్ర బ్యాంకు ముందు ధర్నాలు జరిగాయి, ఆమె పేరున శవపేటిక తెచ్చి పెట్టారు.

చివరికి వంతు ప్రివట్‌బ్యాంక్‌కి వచ్చింది. దేశంలో అతిపెద్ద బ్యాంకు, 2 కోట్ల ఖాతాదారులు. పెన్షన్లు, జీతాలు, కిరాణా కొట్లలోని కార్డు మిషన్లు అన్నీ దానివే. ఇహోర్ కొలొమోయ్‌స్కీ, హెన్నాదీ బొహొలుబోవ్ దాని ప్రధాన యజమానులు. కంపెనీలకిచ్చిన అప్పుల్లో 97 శాతం యజమానులతో సంబంధమున్న సంస్థలకే వెళ్లాయని కేంద్ర బ్యాంకు తేల్చింది. దాదాపు 5.5 బిలియన్ డాలర్ల బొక్క. 2016 డిసెంబర్‌లో ఒక ఆదివారం రాత్రి ప్రభుత్వం ఆ బ్యాంకును స్వాధీనం చేసుకుంది. సోమవారం పొద్దున ఏటీఎంలు మామూలుగానే పనిచేశాయి. బొక్క పూడ్చిన డబ్బు మాత్రం పన్ను కట్టేవాళ్లదే. ఆ కోపం ఇప్పటికీ ఉంది, ఉండాల్సిందే. హోంతారెవా 2017లో తప్పుకుంటున్నానని ప్రకటించి పదవి వదిలేశారు. రెండేళ్ల తర్వాత లండన్‌లో ఆమెను కారు ఢీకొట్టింది, మరుసటి నెలలో కీవ్ దగ్గర ఆమె ఇల్లు తగలబడింది.

నేను ఈ భాగం మీద ఇంత సేపు ఆగడానికి కారణం ఉంది. 2013 నాటి బ్యాంకులతో ఉక్రెయిన్ 2022 యుద్ధంలోకి వెళ్లి ఉంటే, మొదటి రోజు మధ్యాహ్నానికే సగం బ్యాంకుల యజమానులు సొమ్ము విదేశాలకు తరలించి ఉండేవారని నా నమ్మకం. అప్పుడు మా వాడి కార్డు ఉత్త ప్లాస్టిక్ ముక్క.

ఫిబ్రవరి 24

ఆ రోజు పొద్దున్నే కేంద్ర బ్యాంకు ఉత్తర్వు ఇచ్చింది. డాలర్‌కు 29.25 దగ్గర హ్రివ్నియాను బిగించేసింది. డబ్బు దేశం దాటకుండా ఆంక్షలు పెట్టింది. నగదు రోజుకు 1,00,000 హ్రివ్నియాల వరకే తీసుకోవచ్చంది. కార్డు చెల్లింపులకు మాత్రం ఏ పరిమితీ పెట్టలేదు. డబ్బు చాలని బ్యాంకులకు తనఖా లేకుండానే అప్పిచ్చింది. బ్యాంకులు ఖాళీ అవుతాయన్న భయం లేకపోతే జనం క్యూ కట్టరు. అందుకే ఏప్రిల్‌లో డిపాజిట్లన్నిటికీ పూర్తి గ్యారంటీ కూడా ఇచ్చారు.

ఆ ఏడాది దేశ ఉత్పత్తి దాదాపు 29 శాతం పడిపోయింది. సైన్యానికి జీతాలివ్వడానికి కేంద్ర బ్యాంకు 400 బిలియన్ హ్రివ్నియాలు అచ్చువేసి ప్రభుత్వ బాండ్లు కొంది. 1993 మళ్లీ వస్తుందేమోనన్న బెంగ చాలామందికి కలిగింది. కానీ ఈసారి ఆ తప్పు సాగనివ్వలేదు. జూన్‌లో వడ్డీ రేటును 10 నుంచి ఒకేసారి 25 శాతానికి పెంచారు, జులైలో హ్రివ్నియాను 36.57కి దించారు, 2023 నుంచి అలా నోట్లు అచ్చువేయడం ఆపేశారు. 2022 డిసెంబర్‌లో 26.6 శాతం ఉన్న ద్రవ్యోల్బణం మరుసటి డిసెంబర్‌కి 5.1 శాతానికి దిగింది.

ఇదంతా సొంత బలంతోనే జరగలేదన్నది దాచకూడదు. 2023 నుంచి ఏటా 40 బిలియన్ డాలర్లకు పైగా విదేశీ సాయం, అప్పు వస్తోంది. ఇంట్లో వసూలైన పన్నులు దాదాపుగా సైన్యానికే సరిపోతాయి. టీచర్ల జీతాలు, పెన్షన్లు, ఆసుపత్రుల ఖర్చు బయటి డబ్బుతో నడుస్తాయి. ఆ దారం తెగితే ఏమవుతుందో ఎవరూ ఊహించుకోవడానికి ఇష్టపడరు.

చలికాలం దాడుల్లో కరెంటు పోయినప్పుడు బ్యాంకులన్నీ కలిసి ఒక పని చేశాయి. జనరేటర్లు, అదనపు ఇంటర్నెట్ లైన్లు ఉన్న శాఖలను ఒక జాబితాగా కలిపి, 'పవర్ బ్యాంకింగ్' అని పేరు పెట్టి, ఊరంతా చీకటైనా అవి తెరిచి ఉండేలా చూశాయి. డబ్బు తీసుకోవడానికి వచ్చినవాళ్లు అక్కడే ఫోన్ చార్జింగ్ కూడా పెట్టుకునేవారు.

ఒకే తాళం

బ్యాంకుల కన్నా ఉత్కంఠగా నడిచింది కరెంటు కథ. గ్రిడ్‌లో ఉన్న జనరేటర్లన్నీ సెకనుకు 50 సార్లు అనే ఒకే తాళంలో తిరగాలి, చెక్కభజనలో అందరి అడుగూ ఒకేసారి పడ్డట్టు. ఎవరో ఒకరు తాళం తప్పితే అందరూ ఆగిపోతారు. ఉక్రెయిన్, మాల్డోవా గ్రిడ్‌లు సోవియట్ కాలం నుంచి రష్యా తాళంలో ఉన్నాయి. తాళం మార్చి యూరప్ గ్రిడ్‌లో కలవడానికి 2017లో ఒప్పందం చేసుకుని ఏళ్ల తరబడి పరికరాలు మార్చుకుంటూ వచ్చారు. అసలు కలయిక 2023లో అనుకున్నారు. అంతకు ముందు, రష్యా నుంచీ యూరప్ నుంచీ విడిపోయి మూడు రోజులు ఒంటరిగా నడిచి చూపించాలన్నది పరీక్ష.

ఆ పరీక్ష మొదలైంది 2022 ఫిబ్రవరి 24 అర్ధరాత్రి దాటాక. తెల్లవారకముందే బాంబులు పడ్డాయి. ఇక రష్యా గ్రిడ్‌కు తిరిగి వెళ్లే ప్రశ్నే లేదు, యూరప్‌లో ఇంకా చేరలేదు. మూడు రోజుల పరీక్ష మూడు వారాలు సాగింది. ఆ మూడు వారాలూ ఉక్రెయిన్ ఇంజనీర్లు, పక్కన చిన్న మాల్డోవా, తాళం తప్పకుండా గ్రిడ్ నడిపారు. మార్చి 16న యూరప్ వాళ్లను కలుపుకుంది. ఆ తర్వాత నాలుగు చలికాలాలుగా ట్రాన్స్‌ఫార్మర్లు, పవర్ స్టేషన్లు కూలుతున్నా పూర్తిగా చీకటి కాకపోవడానికి పడమటి నుంచి వచ్చే ఆ కరెంటు ఒక కారణం. యూరప్‌లోకెల్లా పెద్దదైన జపొరీజ్జియా అణు విద్యుత్ కేంద్రం 2022 మార్చి నుంచి రష్యా చేతిలో ఉంది. బాల్టిక్ దేశాలు మూడూ 2025 ఫిబ్రవరిలో రష్యా తాళం వదిలి యూరప్ గ్రిడ్‌లో కలిశాయి.

తీగ మార్చుకోకపోతే ఏమవుతుందో మాల్డోవా చూపిస్తుంది. ఆ దేశానికి కావాల్సిన కరెంటులో ఎక్కువ భాగం, వేర్పాటువాదుల చేతిలో ఉన్న ట్రాన్స్‌నిస్ట్రియాలోని ఒకే ఒక్క ప్లాంట్ నుంచి వచ్చేది. అది నడిచేది రష్యా ఇచ్చే గ్యాస్‌తో. ఉక్రెయిన్ మీదుగా రష్యా గ్యాస్ వెళ్లే ఒప్పందం 2025 జనవరి 1తో ముగిసింది. బాకీ ఉందంటూ రష్యా వేరే దారిలోనూ పంపలేదు. మాల్డోవా ప్రభుత్వం చేతిలో ఉన్న ప్రాంతం అప్పటికే రొమేనియా నుంచి గ్యాస్ గొట్టం వేసుకుంది, కరెంటు ఎక్కువ ధరకు కొని గట్టెక్కింది. బిల్లులు మండిపోయాయి. రష్యానే నమ్ముకున్న ట్రాన్స్‌నిస్ట్రియాలో మాత్రం నడి చలికాలంలో ఇళ్లకు వేడి, వేడినీళ్లు ఆగిపోయాయి, ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, గంటల తరబడి కరెంటు కోతలు. చవక గ్యాస్‌కు ముప్పై ఏళ్లు అలవాటు పడ్డ జనం కట్టెల పొయ్యిలు వెతుక్కున్నారు.

నూనె ప్యాకెట్ దాకా

యుద్ధానికి ముందు మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో దాదాపు 70 శాతం ఉక్రెయిన్‌దే. ఒడెసా చుట్టుపక్కల రేవుల్లో ట్యాంకర్లకెక్కి, కృష్ణపట్నం, కాకినాడ లాంటి చోట్ల రిఫైనరీలకు వచ్చేది. 2022 మార్చిలో మా వీధి కిరాణా కొట్టాయన "ఇంటికి రెండు ప్యాకెట్లేనండీ, ఏమనుకోకండి" అన్నప్పుడు ఆ రేవులు మూతపడి రెండు వారాలైంది. ఎండుమిర్చి బజ్జీల బండి ఆమె రేటు పెంచలేక బజ్జీ సైజు తగ్గించింది.

ఓడలు ఆగిపోయాక ధాన్యం, నూనె రైళ్లెక్కాయి. అక్కడ ఇంకో సోవియట్ వారసత్వం అడ్డొచ్చింది. ఉక్రెయిన్ పట్టాల వెడల్పు 1,520 మిల్లీమీటర్లు, పోలాండ్‌లో 1,435. తేడా 85 మిల్లీమీటర్లు, అరచేయంత. ఆ అరచేయి కోసం సరిహద్దులో వ్యాగన్లను పైకెత్తి చక్రాలు మార్చాలి, లేదా ధాన్యాన్ని ఒక వ్యాగన్ నుంచి ఇంకోదానిలోకి గుమ్మరించాలి. మీటర్ గేజ్ నుంచి బ్రాడ్ గేజ్‌కు మారే స్టేషన్లలో సామాన్లు మోసుకుంటూ రైలు మారిన రోజులు మన పెద్దవాళ్లకు గుర్తుంటాయి. ఇక్కడ మారాల్సింది లక్షల టన్నులు. డాన్యూబ్ నది మీది చిన్న రేవులు ఇజ్మాయిల్, రేని రాత్రింబవళ్లు పనిచేశాయి.

2022 జులైలో, ధాన్యం ఓడలను వదలడానికి రష్యా కూడా ఒప్పుకున్న ఇస్తాంబుల్ ఒప్పందంతో ఓడలు మళ్లీ కదిలాయి. ఏడాదిలో సుమారు 3.3 కోట్ల టన్నుల సరుకు బయటికెళ్లాక రష్యా తప్పుకుంది. ఆ తర్వాత ఉక్రెయిన్ చేసినది ఎవరూ ఊహించలేదు. నౌకాదళం దాదాపు లేకుండానే, డ్రోన్లతో, క్షిపణులతో రష్యా నౌకలను దూరంగా నెట్టి, 2023 ఆగస్టు నుంచి రొమేనియా, బల్గేరియా తీరాలను ఆనుకుని సొంత దారి తెరిచింది. ఎగుమతులు మళ్లీ పుంజుకున్నాయి. మన వంటింటికి మాత్రం ఆ నూనె మునుపటంత రావడం లేదు. ఆ జాగా ఇప్పుడు చాలావరకు రష్యా పొద్దుతిరుగుడుది.

పొరుగుదేశాలకు దెబ్బ వేరే దారిలో తగిలింది. రైళ్లలో, లారీల్లో వచ్చిన చవక గోధుమతో తమ రైతుల ధర పడిపోతోందని పోలాండ్, హంగరీ, స్లొవేకియా 2023లో దిగుమతులు ఆపాయి. పోలాండ్ లారీ యజమానులు సరిహద్దు దారులు దిగ్బంధించారు. శరణార్థులను ఇళ్లలో పెట్టుకుని అన్నం పెట్టిన ఊళ్లవాళ్లే లారీలను అడ్డుకున్నారు. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేను. తన పంటకు ధర పడిపోతే రైతు ఎక్కడైనా రోడ్డెక్కుతాడు.

ఆగని పని

మరమ్మతు అయిపోయిందనుకుంటే పొరపాటు. 2025 జులైలో అవినీతి నిరోధక సంస్థల స్వతంత్రతను తీసేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. యుద్ధం మధ్యలో, సైరన్ల కింద, కుర్రకారు అట్టముక్కల మీద నినాదాలు రాసుకుని వీధుల్లోకి వచ్చారు. తొమ్మిది రోజుల్లో చట్టం వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. నవంబర్‌లో అవే సంస్థలు అణు విద్యుత్ కంపెనీ ఎనర్గోఆటమ్ కాంట్రాక్టుల్లో 100 మిలియన్ డాలర్ల ముడుపుల ఆరోపణలు బయటపెట్టాయి. మంత్రుల పదవులు పోయాయి. చీకటి గదుల్లో చలికి వణుకుతున్న జనానికి కరెంటు కంపెనీలో ముడుపుల మాట ఎంత మండించి ఉంటుందో చెప్పక్కర్లేదు.

గొట్టం మార్చొచ్చు, తీగ మార్చొచ్చు, బ్యాంకు మార్చొచ్చు. మనుషుల సంగతి వేరు. సుమారు 60 లక్షల మంది దేశం బయట ఉన్నారు, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు. లోపల మగవాళ్లు సైన్యంలో. గనుల్లో, బస్సు డిపోల్లో, ఫ్యాక్టరీల్లో పనివాళ్లు దొరకడం లేదు. మా వాడు జార్జియాలో కోర్సు పూర్తిచేసుకుని వచ్చేశాడు. ఖార్కివ్‌లో వాడు ఉన్న ఇంటావిడ అప్పుడప్పుడూ మెసేజ్ పెడుతుందట. ఆమె కూతురు, మనవరాలు పోలాండ్‌లో. వెళ్లినప్పుడు ఆ పాపకు ఆరేళ్లు, ఇప్పుడు పోలిష్‌లోనే లెక్కలు చేస్తోంది. ఉక్రెయిన్ కేంద్ర బ్యాంకు మూడు నెలలకోసారి వేసే అంచనాల్లో, వెళ్లినవాళ్లు ఏ ఏడాది నుంచి తిరిగి రావడం మొదలుపెడతారన్న లెక్క ఒకటుంటుంది. ఆ ఏడాదిని ఇప్పటికే చాలాసార్లు ముందుకు జరిపారు.